కన్యాశుల్కం: ఆ డబ్బు సంచి ఎవరి చేతికి వెళ్లింది?

అడిగిన ప్రశ్న ఇది: "కన్యాశుల్కం అంటే పెళ్లికొడుకే ఎదురు డబ్బివ్వడం కదా. కట్నం కంటే అది మేలేగా? దాని మీద గురజాడ అంత పెద్ద హాస్య నాటకం ఎందుకు రాశాడు? అప్పటి పరిస్థితులు తెలిసినవాళ్లు చెప్పండి."

నేను సాహిత్యం చదువుకున్నవాణ్ణి కాను. విజయనగరంలో ఉద్యోగం చేసిన రోజుల్లో ఆఫీసువాళ్లం కొందరం కలిసి ఈ నాటకం ఆడాం. నాకు నటన రాదని మొదటి రిహార్సల్‌లోనే తేలిపోయింది. అందుకని ప్రాంప్టింగ్ అప్పగించారు, దాంతోపాటు స్టేజీ సామాను చూసుకునే పని కూడా. సైడ్ వింగ్‌లో టార్చిలైటు పట్టుకుని, పుస్తకం మీద వంగి కూర్చునేవాణ్ణి. అలా తొమ్మిది ప్రదర్శనలు. నాటకం నేను చూసింది తక్కువ, విన్నది ఎక్కువ.

సామాను జాబితా పెద్దదేమీ కాదు. చుట్టలు, చెంబులు, పేకముక్కలు, చీపురు, మెడలో వేసుకునే కంటె, ఒక డబ్బు సంచి. ఆ సంచిలో ఇత్తడి వాషర్లు పోశాం, గలగలమనాలని. ఉన్నది ఒకటే సంచి. ఏ సీనులో ఎవరి చేతిలో ఉండాలో ముందే అందించకపోతే స్టేజీ మీద ఉన్నవాడు తెల్లమొహం వేస్తాడు. అందుకని పుస్తకంలో డబ్బు మాట వచ్చిన ప్రతిచోటా ఎర్ర పెన్సిలుతో గీత పెట్టుకున్నాను. రెండో ప్రదర్శన నాటికి పుస్తకం సగం ఎర్రబడింది. మీ ప్రశ్నకు జవాబు నాకు దొరికింది ఆ గీతల్లోనే. పెళ్లి పేరు మీద ఇంత డబ్బు మాట్లాడతారు కదా, ఒక్కసారి కూడా ఆ సంచి పెళ్లికూతురి చేతికి వెళ్లదు.

శుల్కం పిల్లకిచ్చే డబ్బు కాదు, పిల్ల తండ్రికిచ్చే ధర. ఆ తేడా పట్టుకోకపోతే నాటకం మొత్తం తప్పుగా అర్థమవుతుంది. మా ప్రదర్శనల తర్వాత కాలేజీ పిల్లలు కూడా మీలాగే అడిగేవారు, "మాకూ ఎదురిస్తే బాగుండు" అని నవ్వేవారు. వాళ్ల తప్పు లేదు. కట్నం చూసి పెరిగిన కళ్లకు అది అలాగే కనిపిస్తుంది.

అసలు ఆ డబ్బు ఎందుకు పుట్టిందో చూడండి. అప్పటి బ్రాహ్మణ కుటుంబాల్లో ఆడపిల్లకు రజస్వల కాకముందే పెళ్లి జరిగిపోవాలి. భర్త పోతే మళ్లీ పెళ్లి లేదు. మగవాడికి మాత్రం భార్య పోయిన ప్రతిసారీ ఇంకో పెళ్లి చేసుకోవచ్చు, అరవై ఏళ్లొచ్చినా సరే. ఈ మూడూ కలిపితే లెక్క ఎటు పోతుంది? విధవలు పెళ్లి సంతలోంచి శాశ్వతంగా బయటికి పోతారు. విధురులు మళ్లీ మళ్లీ లోపలికి వస్తారు. వాళ్లకు దొరికేది పసిపిల్లలే. గిరాకీ పెరిగింది, ధర పెరిగింది. ఎక్కువ పెట్టగలిగేది ముసలివాళ్లు కాబట్టి పిల్లలు వాళ్లకే పోయారు. ఆ ముసలివాళ్లు నాలుగేళ్లకో ఐదేళ్లకో పోతే ఇంటికొక బాలవితంతువు మిగిలింది. నాటకంలో బుచ్చమ్మ అలా మిగిలిన పిల్లే. ఆమె చెల్లెలు సుబ్బిని కూడా అదే దారిలో పంపబోతాడు తండ్రి అగ్నిహోత్రావధాన్లు. పెద్దకూతురు ఎదురుగా తిరుగుతూనే ఉంటుంది, ఆయనకు కనిపించదు.

శాస్త్రం ఒప్పుకుందా అంటే అదీ లేదు. తండ్రి కూతురికి ఏ కొంచెం శుల్కం తీసుకున్నా బిడ్డను అమ్ముకున్నట్టేనని మనుస్మృతిలోనే ఉంది. డబ్బిచ్చి చేసుకునే పెళ్లిని ఆసుర వివాహం అన్నారు. వేదం వల్లించే అవధానిగారికి ఇది తెలియదనుకోలేం. 'అన్నీ వేదాల్లోనే ఉన్నాయష' అన్న మాట ఈ నాటకం నుంచే జనం నోట పడింది. వేదాల్లో అన్నీ ఉంటే ఉన్నాయి గానీ, ఇంట్లో అప్పు తీరాలి, కోర్టు ఖర్చు నడవాలి, కొడుకు చదవాలి. ఆ కొడుక్కి రేపు పిల్లను తేవాలన్నా డబ్బే.

ఇక ఇది కవి ఊహించి రాసింది కాదనడానికి పెద్ద ఆధారం నాటకానికి ఆయనే రాసుకున్న ఇంగ్లీషు పీఠిక. విజయనగరం మహారాజా ఆనంద గజపతిరాజు విశాఖపట్నం జిల్లాలో డబ్బు తీసుకుని చేసిన బ్రాహ్మణ వివాహాల జాబితా ఒకటి తయారు చేయించారు. (విజయనగరం అప్పుడు ఆ జిల్లాలోనిదే, వేరే జిల్లా అయింది 1979లో.) మూడేళ్లలో 1034 పెళ్లిళ్లు తేలాయి. అంటే ఏడాదికి సుమారు 344. అవీ ఒప్పుకున్నవాళ్లవి మాత్రమే, పిల్లను అమ్ముకున్నామని చెప్పుకోవడానికి ఎవరు ముందుకొస్తారు? వాళ్లలో 99 మంది పిల్లలకు ఐదేళ్లు, 44 మందికి నాలుగు, 36 మందికి మూడు, ఆరుగురికి రెండు, ముగ్గురికి ఒక్క ఏడు. ఆ ఏడాది వయసు పిల్లలు ఒక్కొక్కరి వెల 350 నుంచి 400 రూపాయలు. కడుపులో ఉన్న పిల్లకు కూడా బేరం కుదిరేదని రాశాడు.

అప్పటి 400 అంటే ఎంత? గురజాడ 1884లో విజయనగరంలో స్కూలు మాస్టరుగా చేరినప్పుడు జీతం నెలకు 25 రూపాయలు. అంటే ఏడాది పిల్ల ఖరీదు ఒక మాస్టరు పదహారు నెలల జీతం. నాటకంలో సుబ్బికి ముసలి పెళ్లికొడుకు లుబ్ధావధాన్లు ఇస్తానన్నది 1800. అదే మాస్టరు ఆరేళ్ల జీతం! ఈ లెక్క వేసుకున్నాక నాకు మొదటి అంకం వేరేగా వినిపించడం మొదలైంది. విజయనగరం బొంకులదిబ్బ మీద నిలబడి గిరీశం మొదట చెప్పుకునేదే డబ్బు సంగతి. సామాను కొనిపెడతానని పూటకూళ్లమ్మ దగ్గర 20 రూపాయలు తీసుకుని వేశ్య మధురవాణికి ఖర్చు పెట్టేశాడు. జనం నవ్వుతారు. అన్నం అమ్ముకుని బతికే ఆవిడకు 20 రూపాయలంటే ఏమిటో తెలిస్తే, ఆవిడ చీపురు పట్టుకుని ఎందుకు వచ్చిందో కూడా తెలుస్తుంది. ఆ చీపురు దెబ్బ గిరీశానికి కాక మంచం కింద దూరిన రామప్పంతులుకు తగులుతుందనుకోండి, అది వేరే సంగతి. మా ప్రదర్శనలన్నిటిలోనూ అందరికంటే ఎక్కువ నవ్వు ఆ దెబ్బకే.

జాబితా తయారైంది సరే, తర్వాత? ఈ ఆచారాన్ని ఆపడానికి మహారాజు మద్రాసు లెజిస్లేటివ్ కౌన్సిల్‌లో బిల్లు తేవడానికి ప్రయత్నించారు, అది చట్టం కాలేదు. ఆ రోజుల్లో చట్టాలకూ జనానికీ మధ్య దూరం అలాగే ఉండేది. వితంతు వివాహ చట్టం 1856లోనే వచ్చింది. తెలుగుదేశంలో కందుకూరి వీరేశలింగం రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించగలిగింది 1881 డిసెంబరు 11న. మధ్యలో పాతికేళ్లు చట్టం కాగితం మీదే ఉంది. 1891లో వచ్చిన చట్టం భార్యతో కాపురానికి కనీస వయసును పది నుంచి పన్నెండుకు పెంచితే, మతం మంటగలిసిందని దేశమంతా గోల. ఈ గోల మధ్యలో 1892 ఆగస్టు 13న విజయనగరంలో కన్యాశుల్కం మొదటిసారి ఆడారు. పుస్తకంగా వచ్చింది 1897లో. చదివే అలవాటు జనంలో పెరిగేదాకా మంచి ప్రభావం కోసం నాటకం వైపే చూడాలన్నది ఆ పీఠికలో గురజాడ మాట. బిల్లు చేయలేని పని నాటకంతో చేయబోయాడని నేననుకుంటాను.

ఇప్పుడు మనం చదివేది 1909 నాటి రెండో కూర్పు. మొదటిదాన్ని దాదాపు తిరగరాశాడు. ఏడు అంకాలు. ఉన్నదున్నట్టు ఆడితే రాత్రంతా పడుతుంది. మేం రెండున్నర గంటలకు కోశాం. కోతలో మొదట పోయింది సారా దుకాణం సీను, తర్వాత లుబ్ధావధాన్లు కూతురు మీనాక్షి, ఆ తర్వాత వకీలు సౌజన్యారావు మాటలు సగం. గిరీశం డైలాగు ఒక్కటి కూడా పోలేదు! జనం అందుకే వస్తారు మరి. నాకు అప్పుడే అనుమానం వచ్చింది, మనం మిగుల్చుకున్నది నాటకమా, జోకులా అని. మీనాక్షి లేకపోతే, డబ్బిచ్చి పసిపిల్లను కొంటున్న ముసలాయన ఇంట్లో సొంత కూతురే విధవగా ఉందన్న విషయం ప్రేక్షకుడికి తెలియదు. ఊరికి పెద్దమనిషిలా తిరిగే రామప్పంతులుకు ఆమెతో ఉన్న సంబంధమూ తెలియదు. వీళ్లందరి మధ్యా ఆ పిల్ల పెళ్లి బేరం నడుస్తోంది. అవన్నీ తీసేస్తే మిగిలేది ఒక పిసినారి ముసలాడు, ఒక కొంటె కుర్రాడు.

నన్ను బాగా కలవరపెట్టింది మహేశం సీను. కథ తెలియనివాళ్లకు రెండు ముక్కల్లో: సుబ్బిని ముసలాడికి ఇస్తున్నారని తెలిసి తల్లి వెంకమ్మ నూతిలో పడబోతుంది. ఆవిడ అన్న కరటకశాస్త్రి ఆ పెళ్లి తప్పించాలని, తన శిష్యుడు మహేశానికి ఆడపిల్ల వేషం వేసి, గుంటూరు శాస్త్రులునని చెప్పుకుని లుబ్ధావధాన్లుకే అమ్ముతాడు. మా మహేశం సన్నగా ఉండే ఒక ఇంటర్ కుర్రాడు, మా క్లర్కు ఒకాయన మేనల్లుడు. చీర కట్టుకుని తలవంచుకుని నిలబడితే చుట్టూ పెద్దమనుషులు వాడి ధర మాట్లాడుతుంటారు. హాలంతా నవ్వు. మూడో ప్రదర్శన అయ్యాక ఆ కుర్రాడు నా దగ్గరికొచ్చి, "బాబాయ్, వాళ్లు బేరమాడుతుంటే నాకు చెమటలు పడుతున్నాయి. నేను మగవాణ్ణని నాకు తెలుసు, అయినా ఏదోలా ఉంటోంది" అన్నాడు. గురజాడ తెలివి అక్కడుందని నాకు అనిపిస్తుంది. అదే చోట నిజంగా సుబ్బిని నిలబెట్టి బేరం చూపించి ఉంటే ఎవరూ నవ్వలేరు, లేచి వెళ్లిపోతారు. మగపిల్లాణ్ణి నిలబెట్టాడు కాబట్టి నవ్వుతూ చివరిదాకా చూస్తారు. బేరం మాత్రం అచ్చంగా అదే బేరం.

ఇంకో వేషం కూడా ఉంది. చివరి అంకంలో మధురవాణి మగవేషంలో వకీలు సౌజన్యారావు ఇంటికి వెళ్తుంది. ఎందుకంటే ఆయన భోగం మేళాలకు వ్యతిరేకి, వేశ్యను గడప తొక్కనివ్వడు. అప్పట్లో భోగం మేళాలు మానాలని సంస్కర్తలు గట్టిగా చెప్పేవారు, వీరేశలింగం వాళ్లలో ముందుండేవాడు. గురజాడ సంస్కరణను ఒప్పుకున్నవాడే. కానీ ఆ సంస్కర్త కంటే ఎక్కువ పని చేసిపెట్టిన మనిషిగా ఆ వేశ్యనే నిలబెట్టాడు. మహేశాన్ని ఆడపిల్లగా నమ్మించడానికి సాయపడింది, ఆ వేషం పిల్ల మాయమైతే చంపాడన్న కేసులో ఇరుక్కున్న లుబ్ధావధాన్లును ఒడ్డున పడేసింది ఆమే. ఆ రోజుల్లో ఆడవేషాలు కూడా మగవాళ్లే కట్టేవారు కదా, అంటే ఒక మగవాడు మధురవాణి వేషం వేసుకుని, ఆ మధురవాణి మళ్లీ మగవాడి వేషం వేసుకుని... ఆ మేకప్ మనిషి పాట్లు తలచుకుంటే నాకు జాలేస్తుంది.

గిరీశం గురించి అందరూ చెబుతారు, నేను కొంచెమే చెబుతాను. సంస్కరణ అప్పట్లో ఫ్యాషన్ కూడా. నాలుగు ఇంగ్లీషు ముక్కలు, ఒక ఉపన్యాసం, చేతిలో చుట్ట ఉంటే చాలు, పల్లెటూళ్లో పెద్దమనిషైపోవచ్చు. అగ్నిహోత్రావధాన్లు కొడుకు, పరీక్ష తప్పిన వెంకటేశం వెంట మాస్టారుగా అగ్రహారం చేరి, వాళ్ల నాన్న ముందు ఇద్దరూ 'ట్వింకిల్ ట్వింకిల్ లిటిల్ స్టార్' లాంటి ముక్కలతోనే ఇంగ్లీషు సంభాషణ నడిపేస్తారు. తల్లిదండ్రులు మురిసిపోతారు. ఇంగ్లీషు రాని తల్లిదండ్రుల ముందు ఈ పని మనలో చాలామందిమి చేశాం, ఒప్పుకుందాం. బుచ్చమ్మకు వితంతు వివాహం గురించి అతను చెప్పే ప్రతి మాటా వీరేశలింగం చెప్పిన మాటే, తప్పు పట్టలేం. అతని కన్ను ఆ పిల్ల మీదా, ఆమెకు భర్త తరఫున రావలసిన భూమి మీదా ఉంది, అంతే. మంచి మాటను చెడ్డవాడి నోట పెట్టడం వల్లే ఆ పాత్ర నూరేళ్లయినా పాతబడలేదు. చివర్లో సౌజన్యారావుకు నిజం తెలిసి బుచ్చమ్మను పూనాలోని వితంతువుల ఆశ్రమానికి పంపించే ఏర్పాటు చేస్తాడు. సంస్కర్త కార్వే అక్కడ అలాంటి ఆశ్రమం 1896లో మొదలుపెట్టాడు, కాబట్టి అది గాలిలోంచి తీసిన ముగింపు కాదు. గిరీశం నోట "డామిట్! కథ అడ్డంగా తిరిగింది" అని వచ్చేది అక్కడే.

భాష సంగతి ప్రాంప్టరుగా చెప్పాలి. పద్యనాటకమైతే ప్రాంప్టరుకు సుఖం. పద్యం ఒకటే ఉంటుంది, మొదటి మాట అందిస్తే మిగతాది వాడే లాక్కుపోతాడు. ఇక్కడ అంతా మాటలు. అదీ ఒక్కొక్కరిది ఒక్కో భాష. అగ్నిహోత్రావధాన్లుది అగ్రహారం యాస, పోలిశెట్టిది కోమటి మాట, అసిరిగాడిది పాలేరు మాట, గిరీశానిది సగం ఇంగ్లీషు. మా అగ్నిహోత్రావధాన్లు వేషధారిది కృష్ణా జిల్లా. ఎంత చెప్పినా ఆయన నోట 'ఉన్నాయష'లోని 'ష' పలికేది కాదు. అది పలకకపోతే మాటలోని వెటకారం చచ్చిపోతుంది. వీరేశలింగం ప్రహసనాల్లో వాడుక మాటలు అప్పటికే ఉన్నాయి, కాబట్టి గురజాడే మొదటివాడు అనను. ఇంత పెద్ద నాటకం మొత్తాన్ని మనుషులు మాట్లాడే భాషలోనే నడపడం మాత్రం సాహసమే. విజయనగరంలో ఆయనతో కలిసి చదువుకున్న గిడుగు రామమూర్తి తర్వాత వ్యావహారిక భాష కోసం పెద్ద పోరాటమే చేశాడు. గురజాడ కూడా 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి తన అసమ్మతి పత్రం రాసిచ్చాడు. మరుసటి ఏడాదే పోయాడు. ఊళ్లో ఎవడైనా "తాంబూలాలిచ్చేశాను, తన్నుకు చావండి" అంటే, అది నాటకంలోదని అన్నవాడికే తెలియనంతగా ఆ భాష జనంలో కలిసిపోయింది.

ఇక కట్నం కంటే మేలా అన్న మీ మాట. ఇంగ్లీషు చదువు, సర్కారు ఉద్యోగం వచ్చాక గిరాకీ తిరగబడింది. నెలజీతం తెచ్చే కుర్రాళ్లు తక్కువ, వాళ్లకు పిల్లనివ్వాలనుకునేవాళ్లు ఎక్కువ. ధర వరుడికి కట్టారు. కాళ్లకూరి నారాయణరావు ఆ సంత మీద 'వరవిక్రయం' రాశాడు, పేరులోనే విషయం ఉంది. ఆడపిల్ల పెళ్లికి కనీస వయసు పద్నాలుగు అన్న శారదా చట్టం 1929లో, వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చాయి. అంటే సంచి వెళ్లే దిక్కు మారిందే తప్ప రెండు ఏర్పాట్లలోనూ అది పిల్ల చేతిలో ఆగలేదు. ఏది మేలని తూచడానికి నాకు మనసొప్పదు.

చూడాలనుకుంటే 1955లో పి. పుల్లయ్య తీసిన సినిమా ఉంది, రామారావు గిరీశం, సావిత్రి మధురవాణి. సావిత్రి కోసం తప్పక చూడండి. కానీ ముందు పుస్తకం చదవండి, 1909 కూర్పు, ఏ సీనూ వదలకుండా. పక్కన పెన్సిలు పెట్టుకుని డబ్బు మాట వచ్చినచోట గీత గీయండి. మొదటి రెండు అంకాలు యాస అలవాటయ్యేదాకా కష్టంగా ఉంటే పైకి చదవండి, చెవికి తొందరగా పడుతుంది.

మా సంచి సంగతి చెప్పి ఆపుతాను. చివరి ప్రదర్శన అయ్యాక సామాను సర్దుతుంటే చీపురు దొరికింది, కంటె దొరికింది, సంచి మాత్రం లేదు. స్టేజీ కింద, మేకప్ గదిలో, జంపఖానాల మడతల్లో అంతా వెతికాం. మర్నాడు ఆఫీసులో తెలిసింది: రామప్పంతులు వేషం వేసినాయన రొంటిన దోపుకుని అలాగే ఇంటికి వెళ్లిపోయాడట.